పదో తరగతి తర్వాత బంతి ఎక్కడికి పోతుంది?

నిజామాబాద్ జిల్లాలో ఒక బీడీల ఊళ్ళో పింఛను దరఖాస్తులు నింపుతూ కూర్చున్నాం. ఒక అమ్మాయి వాళ్ళత్త తరఫున వచ్చి ఇంటిల్లిపాది కాగితాలున్న సంచీని చాప మీద కుమ్మరించింది. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, అత్తగారి బీడీ గుర్తింపు కార్డు, పీఎఫ్ చీటీ, పిల్లవాడి టీకాల కార్డు. వాటి మధ్యలో పాలిథిన్ కవరులో నలగకుండా దాచుకున్న సర్టిఫికెట్లు మూడు. మండల స్థాయి, జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి పాఠశాల క్రీడలు. ఆట ఫుట్‌బాల్. అండర్-17 బాలికల విభాగం. "ఇవి ఇందులో ఎందుకమ్మా?" అనడిగాను. "ఏమో అక్కా, గవర్నమెంటు ముద్ర ఉన్నది గదా, ఎందుకన్న పనికొస్తయేమో అని పెట్టిన" అంది. ఆమెకు ఇరవయ్యారేళ్ళు. బంతిని ఆఖరుసారి తన్ని పదేళ్ళయింది.

పింఛనుకు ఆ కాగితాలతో పనిలేదు. మరి దేనికి పనికొస్తాయో ఆ రోజు నేనూ చెప్పలేకపోయాను. తర్వాత ఆరా తీసి తెలుసుకున్నదీ, తెలుసుకుంటూ ఆలోచించినదీ ఇక్కడ రాస్తున్నాను. ఆస్తి హక్కు గురించి, భరణం గురించి, గృహహింస చట్టం గురించి మనం ఎన్నోసార్లు రాసుకున్నాం, మాట్లాడుకున్నాం. ఆడపిల్లల ఆట గురించి మాట్లాడుకున్నది చాలా తక్కువ. ఆట అనగానే అది కడుపు నిండినవాళ్ళ సంగతి అనే భావం మనలోనూ ఎక్కడో ఉంది కాబోలు.

ఆమె కథ పెద్దదేం కాదు. ఊళ్ళో ఉన్నత పాఠశాల. ఆటలంటే ప్రాణం పెట్టే పీఈటీ సారు ఒకాయన బదిలీ మీద వచ్చాడు. మగపిల్లలకు జట్టు కట్టాక, వాళ్ళు ఆడి వదిలేసిన పాత బంతితో ఆడపిల్లలకూ ఒక జట్టు కట్టాడు. ఈమె ఎడమ పక్క ఆడేది. తొమ్మిదో తరగతిలో జిల్లా జట్టులోకి వచ్చింది. పదో తరగతిలో జిల్లా తరఫున రాష్ట్ర పోటీలకు పోయింది. అక్కడ ఆట చూసి, జాతీయ పాఠశాల క్రీడలకు వెళ్ళే రాష్ట్ర జట్టుకు ఎంపిక చేశారు. ఆమె పోలేదు. రెండు రాత్రుల రైలు ప్రయాణం. వెంట వెళ్ళేది మగ సార్లే. "నాన్న వద్దన్నడు. మా సారు మంచోడే. కని ఆడ మా సారు ఒక్కడే ఉండడు గదా అక్కా" అంది. ఆ మార్చిలో పరీక్షలు రాసింది, పాసయింది. కాలేజీ పక్క టౌనులో. బస్సు చార్జీలు, అన్న చదువు, ఇంట్లో బీడీల చాట, అన్నీ లెక్కవేసుకుని చదువు మాన్పించారు. మరుసటి ఎండాకాలంలో పెళ్ళి చేశారు. అప్పటికి పదిహేడేళ్ళు.

తను ఆడుతున్నది ఆఖరి ఆట అని ఆడుతున్నప్పుడు ఆమెకు తెలియదు. ఆమె చెప్పినవాటిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. పేరున్న ఆటగాళ్ళకు వీడ్కోలు మ్యాచ్ ఉంటుంది, దండలుంటాయి. మోకాలు దెబ్బతిని మానేసినవాడికి చెప్పుకోడానికి ఆ దెబ్బయినా ఉంటుంది. ఈమెకు ఏమీ లేదు. ఒక సాయంత్రం ఆడింది, తర్వాత ఆడలేదు, అంతే. మగపిల్లవాడి ఆట ఆగిపోతే ఊరు అయ్యో అంటుంది. ఆడపిల్ల ఆట ఆగిపోతే అమ్మయ్య అంటుంది.

ఇది ఒక్కరి కథ కాదని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ళ మధ్య స్త్రీలలో, పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినవాళ్ళు దేశం మొత్తం మీద 23.3 శాతం. తెలంగాణలో 23.5. ఆంధ్రప్రదేశ్‌లో 29.3. ఆడపిల్లల ఫుట్‌బాల్‌కు పేరుపడ్డ జార్ఖండ్‌లో 32.2. పాఠశాల క్రీడల్లో విభాగాలు అండర్-14, అండర్-17, అండర్-19. అంటే ఆట పదునెక్కే వయసూ, సంబంధాలు చూసే వయసూ ఒకటే. పెళ్ళి తప్పించుకున్నవాళ్ళ సంగతయినా ఏమంత తేలిక కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం సమయ వినియోగ సర్వే జరిపింది. ఇంటి పని చేసేవాళ్ళలో స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారని అందులో తేలింది. సాయంత్రం ఐదింటికి గ్రౌండులో ఎవరుంటారో, పొయ్యి దగ్గర ఎవరుంటారో ఈ రెండంకెలే చెబుతాయి.

ఇక ఆ సర్టిఫికెట్ల సంగతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో గ్రూప్ సి పోస్టులకు క్రీడల కోటా ఉంది. దానికి వేర్వేరు ఫారాలున్నాయి. ఒకటోది దేశం తరఫున ఆడినవాళ్ళకు. రెండోది రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడినవాళ్ళకు. మూడోది యూనివర్సిటీ తరఫున ఆడినవాళ్ళకు. నాలుగోది రాష్ట్ర పాఠశాల జట్టు తరఫున జాతీయ పాఠశాల క్రీడల్లో ఆడినవాళ్ళకు. ఈ నాలుగో ఫారం మీద విద్యాశాఖ రాష్ట్ర కార్యాలయంలో అధికారి సంతకం చెయ్యాలి. ప్రాధాన్యం విషయంలో మొదటి మూడు ఫారాలకన్నా కింద ఉండేది ఈ ఫారం. అయినా దరఖాస్తు పెట్టుకోవడానికి అర్హత అయితే ఉంటుంది. క్రీడాకారులకు వయసులో ఐదేళ్ళ సడలింపు కూడా ఉంది. ఈమెకు ఆ ఫారం రాదు. జిల్లా తరఫున రాష్ట్ర పోటీల్లో ఆడటం లెక్కలోకి రాదు. రాష్ట్రం తరఫున ఆడి ఉండాలి. ఆ రెండు రాత్రుల రైలు ప్రయాణం చేసి ఉంటే, ఒక్క మ్యాచ్ ఆడి ఓడి వచ్చినా, ఆ కవరులో నాలుగో కాగితం ఉండేది.

అందుకే ఆ రైలు గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. కూతుర్ని పంపని తండ్రిని వెనకబడినవాడని తిట్టడం సులువు. కానీ ఆయన భయం గాలిలోంచి పుట్టిందా? 2022లో భారత అండర్-17 బాలికల జట్టు యూరప్ పర్యటనలో ఉండగానే, లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణ మీద సహాయ శిక్షకుణ్ణి తొలగించి వెనక్కి పంపాల్సి వచ్చింది. 2023లో ఒలింపిక్ పతకం గెలిచిన మల్లయోధురాలు ఢిల్లీ ఫుట్‌పాత్ మీద రాత్రులు పడుకుని తమ సమాఖ్య అధ్యక్షుడి మీద ఫిర్యాదు తీసుకోమని అడగాల్సి వచ్చింది. దేశమంతా పేరు తెలిసిన స్త్రీల గతే అది అయినప్పుడు, పేరు లేని పదో తరగతి పిల్ల తండ్రికి మనం ఏ ధైర్యం చెప్పగలం? ఆ జట్టు వెంట ఒక్క స్త్రీ వ్యాయామ ఉపాధ్యాయిని వెళ్ళి ఉంటే సగం భయం తీరేది. ఇదివరకు ఆడి మానేసిన అమ్మాయిల్లో ఒకరికి శిక్షణ ఇచ్చి ఉంటే ఆ ఉపాధ్యాయిని దొరికేది. ఆడినవాళ్ళను ఆటలోంచి వెళ్ళగొడుతూ, ఆటలో ఆడవాళ్ళు లేరని మళ్ళీ మనమే అంటున్నాం.

ఆట అయిపోయాక బతుకేమిటన్న ప్రశ్న మగవాళ్ళకు లేదని నేననను. కానీ వాళ్ళకు ఒకప్పుడు దానికి జవాబుండేది. ఆ జవాబు మన హైదరాబాద్‌లోనే ఉండేది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. ఈ కీర్తిని ఆటలు రాసేవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. తలుచుకోనిది ఇంకొకటుంది. ఆ జట్టు పేరులోనే ఉద్యోగం ఉంది. గల్లీల్లో ఉత్త కాళ్ళతో బంతి తన్నిన పేద పిల్లలకు ఆ బంతే పోలీసులోనో రైల్వేలోనో నౌకరీ తెచ్చిపెట్టింది. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, తర్వాత రైల్వే జట్టులో చేరాడు. జబ్బు చేసి 1963లోనే, ముప్ఫై నిండకుండానే, ఆట మానాల్సి వచ్చింది. ఆట పోయినా రైల్వే ఉద్యోగం మిగిలింది. మగవాళ్ళ ఆటకు వెనక ఇలా ఒక గోడ ఉండేది. దాన్ని ఎవరూ క్రీడా సంక్షేమం అనలేదు, మామూలు విషయమనుకున్నారు.

స్త్రీలకు ఆ గోడ ఎవరూ కట్టలేదు. భారత మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది 1975లో. ఐదేళ్ళు తిరక్కుండానే, 1980 జనవరిలో కాలికట్‌లో జరిగిన ఆసియా పోటీల్లో మన స్త్రీలు ఫైనల్ దాకా వెళ్ళారు. 1983లో బ్యాంకాక్‌లో మళ్ళీ ఫైనల్ ఆడారు. ఆ ఏడే శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు వచ్చింది. మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణికి ఆ అవార్డు రావడం అదే మొదలు. ఇంత జరిగినా, హైస్కూలు జట్ల కోసం 1960లో మొదలైన సుబ్రతో కప్పులోకి ఆడపిల్లల జట్లను రానిచ్చింది 2012లో. యాభై రెండేళ్ళు మగపిల్లలు ఆడుతుంటే ఆడపిల్లలు చూశారనుకోవడానికి కూడా లేదు. చూడ్డానికి మాత్రం ఎవరు పంపారు?

ఆడి, పైదాకా వెళ్ళినవాళ్ళ సంగతి పేపర్లలో అప్పుడప్పుడూ వస్తుంటుంది. 2021 మే నెలలో సంగీతా సోరెన్ ఫొటో అన్నిచోట్లా వచ్చింది. ధన్‌బాద్ జిల్లా ఆదివాసీ అమ్మాయి. భారత జూనియర్ జట్టుకు ఆడి విదేశాలకు వెళ్ళి వచ్చింది. కోవిడ్ కాలంలో ఇటుక బట్టీలో పనిచేస్తోంది. జాతీయ మహిళా కమిషన్ జార్ఖండ్ ప్రభుత్వానికీ, ఫుట్‌బాల్ సమాఖ్యకూ ఉత్తరాలు రాసింది. కేంద్ర క్రీడామంత్రి సాయం ప్రకటించాడు. 2023 జనవరిలో కలకత్తా అమ్మాయి పౌలమీ అధికారి వీడియో వచ్చింది. ఆమె కూడా భారత జూనియర్ జట్టుకు ఆడింది. ఇంటింటికీ భోజనాలు చేరవేసే పని చేసుకుంటోంది. 2022 అక్టోబరులో మన దేశంలోనే అండర్-17 బాలికల ప్రపంచ కప్పు జరిగింది. భారత జట్టు నాయకురాలు అష్టం ఉరావ్‌ది గుమ్లా జిల్లాలో ఒక చిన్న పల్లె. కూతురి పేరు పైకొచ్చిందని ఆ ఊరికి ప్రభుత్వం రోడ్డు వేయించింది. ఆ రోడ్డు పనిలో కూలీలుగా తట్టలు మోసింది ఆమె తల్లిదండ్రులే.

ఈ వార్తలు చదివి మనం కన్నీళ్ళు పెట్టుకుంటాం. నాకు ఆ కన్నీళ్ళ మీద అనుమానముంది. భారత జట్టుకు ఆడిన పిల్ల ఇటుకలు మోస్తోందా అని ఆశ్చర్యపోతున్నామంటే, ఆడని పిల్ల మోస్తే ఫరవాలేదనే గదా అర్థం? సంగీత పక్కన అదే బట్టీలో ఇటుకలు మోసిన స్త్రీల కోసం ఏ కమిషనూ ఉత్తరం రాయలేదు. బట్టీలో పనిచెయ్యడం అవమానం కాదు, ఆ పనికిచ్చే కూలి అవమానం. రెండో సంగతి, ఆ ఉత్తరాలన్నీ ఎవరో ఫోన్లో ఫొటో తీసి పంచాక వచ్చినవి. ఫొటో పడనివాళ్ళ మాటేమిటి? దయ అనేది ఎప్పుడూ ఒక్కరికే సరిపోతుంది. పాలసీ అయితే అందరికీ కావాల్సి వస్తుంది, అందుకే దయతో సరిపెడతారు. కేంద్ర ప్రభుత్వానికి ప్రతిభగల క్రీడాకారుల పింఛను పథకం ఉంది. అది ఒలింపిక్స్, ఆసియా క్రీడలు, కామన్వెల్త్ క్రీడలు, ప్రపంచ పోటీల వంటివాటిలో పతకం తెచ్చినవాళ్ళకు. జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు దగ్గర ఆగిపోయిన పిల్లలకు కాదు. ఆ పిల్లలు లేకపోతే జాతీయ జట్టే ఉండదు.

మరి పైకి వచ్చినవాళ్ళు లేరా అంటే ఉన్నారు, వాళ్ళను చూసి గర్వపడకుండా ఉండలేం. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా లంబాడా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్ళి అక్కడి క్లబ్బు డైనమో జాగ్రెబ్‌తో ఒప్పందం చేసుకుంది. 2024-25 సంవత్సరానికి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి అవార్డు ఆమెకే వచ్చింది. 2025 జులైలో భారత మహిళల జట్టు థాయ్‌లాండ్‌ను 2-1 గోల్స్‌తో ఓడించి, అర్హత పోటీల్లో నెగ్గి మొదటిసారిగా ఆసియా కప్పుకు చేరుకుంది. నేను చెప్పిన బీడీల ఊరికి ఆ తండా ఎంతో దూరం కాదు. సౌమ్య పేరెత్తగానే ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది.

కానీ లెక్క చూద్దాం. 2023లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య మహిళా లీగు క్లబ్బులకు ఒక నియమం పెట్టింది. ఒక్కో క్లబ్బు కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి కనీసం 3.2 లక్షల రూపాయలు ఇవ్వాలని. మంచిదే. 2024-25లో ఆ లీగులో ఆడిన క్లబ్బులు 8. ఎనిమిది పదులు ఎనభై. దేశం మొత్తానికి ఖాయంగా జీతం దొరికే ఉద్యోగాలు ఎనభై! హైస్కూలు గ్రౌండులో పరిగెత్తే పిల్లకు, నువ్వు కష్టపడితే సౌమ్యవవుతావు అని చెప్పడం తప్పు కాదు. అది ఒక్కటే చెప్పడం మోసం.

ఇక్కడ మన గురించి కూడా మాట్లాడుకోవాలి. చదివేవాళ్ళకు కొంచెం కష్టంగా ఉండొచ్చు, రాస్తున్న నాకూ కష్టంగానే ఉంది. గత ఇరవై ఏళ్ళుగా మన దేశంలో స్వచ్ఛంద సంస్థలు ఆడపిల్లల చేతికి బంతి ఇస్తున్నాయి. బాల్యవివాహాలు ఆపడానికి, బడి మానకుండా చూడడానికి, ధైర్యం రావడానికి. మంచి పనే. పిల్లలు నిజంగానే మారారు. 2013లో జార్ఖండ్‌లో ఇలాంటి ఒక జట్టు పిల్లలు స్పెయిన్ వెళ్ళడానికి పాస్‌పోర్టు కోసం జనన ధృవీకరణ పత్రాలు అడగబోతే, పంచాయతీ ఆఫీసులో తమను ఊడ్చమన్నారనీ చెయ్యి చేసుకున్నారనీ బయటికొచ్చి చెప్పారు. చెప్పి, ఆ పత్రాలు సంపాదించి, స్పెయిన్ వెళ్ళి ఆడి, మూడో స్థానంతో తిరిగొచ్చారు. ఆ నోరు ఆ పిల్లలకు ఆటే ఇచ్చింది.

అయితే మన ప్రాజెక్టు కాగితాల్లో ఆట ఎప్పుడూ ఇంకో దానికి సాధనమే. పెళ్ళి ఎన్నేళ్ళు వాయిదా పడింది, హాజరు ఎంత పెరిగింది, ఇవే గడులు. పిల్లకు పద్దెనిమిది నిండగానే ఆమె మన లెక్కలోంచి జారిపోతుంది. పెళ్ళి ఆపాం, విజయం సాధించాం. పంతొమ్మిదో ఏట పెళ్ళయితే అది మన వైఫల్యం కాదు, చట్టబద్ధం. ఆ తర్వాత ఆమె ఆడుతోందా లేదా అని అడిగే గడి ఏ ఫారంలోనూ నేను చూడలేదు. ప్రాజెక్టు మూడేళ్ళు. బంతులు, జెర్సీలు, శిక్షకుడి జీతం అన్నీ మూడేళ్ళు. పరిగెత్తడం నేర్చుకున్న కాళ్ళు మాత్రం జీవితాంతం ఉంటాయి. బడి నాటకాలు వేయించి, ఆటలాడించి, గొంతు విప్పడం నేర్పి, ఆ గొంతుతో ఆమె పద్దెనిమిదో ఏట ఏం చెయ్యాలో చెప్పకుండా మనం వేరే మండలానికి వెళ్ళిపోతాం. ఈ మాట మొదట నా మీద నేనే అనుకుంటున్నాను.

ఆటను ఒక ప్రయోజనానికి సాధనంగా కాక, చదువులో భాగంగా, హక్కుగా చూస్తే ఏమవుతుందో చెప్పడానికి అమెరికా ఉదాహరణ ఒకటి ఉంది. అక్కడ హైస్కూల్ ఫుట్‌బాల్ అంటే మగపిల్లల ఆట, ఊరందరి పండుగ. అది చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తే వాళ్ళ ఫుట్‌బాల్, మనది కాదు. దాదాపు పది లక్షలమంది పిల్లలు ఆడతారు. వాళ్ళలో కాలేజీలో కొనసాగేది నూటికి ఏడుగురు. ఆ కాలేజీ ఆటగాళ్ళలో వృత్తిగా ఆడేవాళ్ళు నూటికి ఇద్దరు కూడా ఉండరు. అంటే ఆ సంపన్న దేశంలోనూ పద్దెనిమిదేళ్ళకే ఆట ముగిసేవాళ్ళే ఎక్కువ. కానీ 1972లో అక్కడ ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ విద్యాసంస్థలోనూ ఆడ, మగ తేడా చూపకూడదని. ఆ చట్టంలో ఆట అన్న మాటే లేదు. స్త్రీలు దాన్ని ఆటస్థలం దాకా లాక్కెళ్ళారు. అప్పటికి హైస్కూలు జట్లలో ఆడే అమ్మాయిలు మూడు లక్షల లోపు. ఇప్పుడు ముప్ఫై లక్షల పైమాటే.

మనకు కూడా చట్టం లేకపోలేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటితే వ్యాయామ విద్యకు కనీసం పార్ట్‌టైమ్ శిక్షకులుండాలని ఉంది. కానీ ఆ హక్కు పద్నాలుగేళ్ళతో, ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. ఆడపిల్లకు ఆట అవసరం అసలు మొదలయ్యేది అప్పుడు. నెలసరి మొదలై, ఒంటి మీద అందరి కళ్ళూ పడి, నడుస్తుంటే కూడా ముడుచుకుని నడవడం నేర్చుకునే వయసది.

నేను అడగాలనుకున్నవి గొప్ప కోరికలేం కావు. బాలికల జట్టు ఏ ఊరికి వెళ్ళినా వెంట ఒక స్త్రీ శిక్షకురాలు లేకుండా పంపకూడదని విద్యాశాఖ ఉత్తర్వు ఇవ్వాలి. ఆ శిక్షకురాళ్ళను ఎక్కడి నుంచో తేనక్కర్లేదు. జిల్లా, రాష్ట్ర స్థాయిలో ఆడి మానేసిన స్త్రీలు ప్రతి మండలంలోనూ బీడీలు చుడుతూనో, మిషను కుడుతూనో, మిర్చి ఏరుతూనో ఉన్నారు. ఫుట్‌బాల్ సమాఖ్య శిక్షణలో తొలి మెట్లలో ఒకటి డి లైసెన్సు. దానికయ్యే ఖర్చు జిల్లా యంత్రాంగం భరించి, వాళ్ళను సాయంత్రం పూట బడుల్లో పెట్టుకోవచ్చు. గౌరవ వేతనం పేరుతో చిల్లర విదిలించే పద్ధతి మనకు తెలియంది కాదు, అంగన్‌వాడీ టీచర్లూ ఆశా వర్కర్లూ ఎన్నేళ్ళ నుంచి పోరాడుతున్నారో చూస్తూనే ఉన్నాం. కాబట్టి మొదటి రోజు నుంచే దాన్ని జీతం అనే పిలవాలి. మోకాలి లోపలి నరం తెగే ప్రమాదం ఫుట్‌బాల్ ఆడే అబ్బాయిలకంటే అమ్మాయిలకు రెండు మూడు రెట్లు ఎక్కువని వైద్యులు చెబుతున్నారు. బడి తరఫున ఆడి దెబ్బ తగిలితే వైద్యం ఎవరి ఖర్చు? ఇప్పుడైతే తండ్రి ఖర్చు. ఆ ఖర్చుకు భయపడి దెబ్బ దాచుకునే పిల్లలున్నారు. "కుంటిదయితే ఎవడు చేసుకుంటడు" అనే మాటకు భయపడి దాచుకునేవాళ్ళు ఇంకా ఎక్కువ.

ఇంకొకటి. ఇది ఉద్యోగం కన్నా చిన్నదిగా కనిపిస్తుంది, నాకు మాత్రం చిన్నదనిపించదు. పెళ్ళయిన స్త్రీ ఆడడానికి మన ఊళ్ళల్లో చోటు లేదు. మగవాళ్ళు ముప్ఫై, నలభై ఏళ్ళు వచ్చినా ఆదివారం పొద్దున బ్యాటు పట్టుకుని బడి గ్రౌండుకు పోతారు, ఎవరూ ఏమీ అనరు. సంక్రాంతికి మగవాళ్ళకు కబడ్డీ, క్రికెట్టు పోటీలు. ఆడవాళ్ళకు ముగ్గుల పోటీ. ముగ్గు కూడా కళే, కాదనను. కానీ వంగి చేసే పని ఏడాదంతా చేస్తూనే ఉన్నాం గదా. పండగ పూట కూడా వంగాలా?

చివరికి ఆ అమ్మాయికి ఏం చెప్పానో అది కూడా రాయాలి. సర్టిఫికెట్ల విషయం తెలుసుకుని మళ్ళీ ఆ ఊరు వెళ్ళినప్పుడు, కేంద్ర కోటాకు అవి సరిపోవని చెప్పాను. ఆ నాలుగో కాగితం ఏమిటో కూడా చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. చాట మీద ఆకు కత్తిరిస్తూ విని, "అయితే ఆ రైలు ఎక్కాల్సుండె" అంది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఉద్యోగం సంగతి ఇడిసిపెట్టు అక్కా. ఇప్పుడు ఆడొస్తదా నాకు?" అనడిగింది. వస్తుందన్నాను. తనతో ఆడినవాళ్ళలో నలుగురు ఆ చుట్టుపక్కల ఊళ్ళకే కోడళ్ళుగా వచ్చారట. ఇద్దరి ఫోన్ నెంబర్లు ఆమె దగ్గరున్నాయి.

ఆదివారం గ్రౌండు అడగడానికి మా సంఘం నుంచి ముగ్గురం ఆ బడికి వెళ్ళాం. హెడ్మాస్టరు మర్యాదగానే మాట్లాడాడు. పెళ్ళయిన ఆడవాళ్ళు ఫుట్‌బాల్ ఆడతారంటే మొదట నవ్వాడు, తర్వాత ఆలోచించాడు. గేటు తాళంచెవి తన దగ్గర లేదనీ, ఆదివారాలు క్రికెట్ ఆడే కుర్రాళ్ళ దగ్గర ఉంటుందనీ చెప్పాడు. వాళ్ళకు ఎవరిచ్చారని అడిగాం. ఎవరిచ్చారో తెలీదు, చాలా ఏళ్ళుగా వాళ్ళ దగ్గరే ఉందన్నాడు. రెండో తాళంచెవి చేయించమని రాసిచ్చి, దరఖాస్తు మీద ముద్ర వేయించుకుని వచ్చాం.